రెప్పపాటు వేడి

ఫోన్ వచ్చినప్పుడు నేను సిరిసిల్లలో, మా బట్టల యూనిట్ గేటు దగ్గర లారీ కోసం చూస్తూ నిలబడి ఉన్నాను.

"అన్నా, మా బావ పోయిండు. పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు. గుండె అంటుండ్రు."

గొంతు గుర్తుపట్టలేదు. ఏ బావో కూడా తెలియలేదు. ఎవరు మాట్లాడేది అని అడిగాను.

"కోరుట్ల నుంచి అన్నా. మా బావ జగిత్యాల మిల్లుల మీతోని చేసిండు గద. కన్ను సారు."

ఆ పిలుపు విని చాలా ఏళ్లయింది. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది. మిల్లులో ఎవరూ దాన్ని వాడలేదు. నేనూ వాడను. కన్ను సారు అంటేనే ఆ మనిషి నాకు కనబడతాడు. సన్నగా, కొద్దిగా ముందుకు వంగి, ఎదుటివాడి ముఖం కాక చేతులు చూస్తూ మాట్లాడే మనిషి.

నేనప్పుడు జగిత్యాల దగ్గర ఒక జిన్నింగు మిల్లులో పత్తి తేమ చూసే పనిలో ఉండేవాణ్ణి. రైతు బండి గేటు దాటగానే రెండు సూదులున్న మీటరును పత్తిలో గుచ్చి ఎంత తడి ఉందో చెప్పాలి. ఆయన మిల్లు ఎలక్ట్రీషియన్. కాలిన మోటార్లు, తెగిన వైర్లు ఆయన పని. కానీ నా చేతిలో ఆ మీటరు చూసిన రోజే నన్ను తనవాడిగా కలిపేసుకున్నాడు.

"తమ్మీ, మనిద్దరం కొలిచేటోళ్లం. తక్కినోళ్లు అందరు అందాజ చెప్పేటోళ్లు" అన్నాడు.

అందాజ మాట ఆయనకు పడదు. ఎవరైనా "మస్తు ఎండ కొడుతున్నది" అంటే "ఎంత?" అనేవాడు. పిల్లకు జ్వరమొచ్చిందని సెలవడిగితే "ఎంత?" అనేవాడు. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకోవాలని. ఆడ కూలీలు ఆయన నడిచి వస్తుంటే దూరం నుంచే "ఎంత? ఎంత?" అని ఒకరికొకరు వినిపించుకుని నవ్వుకునేవారు. ఆయన తల ఎత్తకుండా నవ్వేవాడు.

టీ గ్లాసు ఇస్తే ముందు చేతివెనుక భాగం ఆనించి చూసేవాడు. మోటారు కాగిందా లేదా చూడాలన్నా అంతే, అరచెయ్యి పెట్టేవాడు కాదు. ఎందుకని అడిగాను ఒకసారి.

"అరచెయ్యి పని చేసి చేసి మొద్దుబారిపోతది తమ్మీ. దానికి సగం వేడి తెల్వది. చెయ్యెన్క పని చెయ్యదు గద, దానికి అబద్ధం తెల్వది."

పరీక్షంతా అయ్యేసరికి టీ చల్లారిపోయేది. ఆ చల్లటి టీనే తాగేవాడు.

ఆయన తండ్రి బుగ్గారం దిక్కు కల్లు కోసం తాళ్లెక్కేవాడని, ఈయన ఐటీఐ చదివి హైదరాబాదు పోయాడని మాత్రం తెలుసు. అక్కడ ఏదో పరిశోధన సంస్థలో కాంట్రాక్టు మీద చాలా ఏళ్లు పనిచేశాడు. ఆ పని గురించి చెప్పేటప్పుడు ఆయన మనిషే మారిపోయేవాడు. ఒక మధ్యాహ్నం గేటు దగ్గర బండ్లేవీ లేవు. నా పక్కన పత్తి బస్తా మీద కూర్చుని రెండు చేతులూ జోడించి చూపించాడు.

"ఆడ మేము ఒక లోహపు బిళ్ళను ఇంకో బిళ్ళతోటి కొట్టేది. తుపాకి అసొంటి గొట్టంలకెల్లి. తగిలిన బిళ్ళ లోపలికి అదుముకపోతది. అదిమితె వేడి పుడుతది. ఎంత వేడి అన్నది మా పని. కాని ఆ వేడి ఎంతసేపుంటదో తెలుసా?"

నా ముఖంలోకి చూసి ఒక్కసారి రెప్ప కొట్టాడు.

"గిది మస్తు ఎక్కువ. గీ రెప్ప కొట్టే లోపట అది వెయ్యిసార్లు వచ్చి పోతది."

"మరి థర్మామీటర్ పెడితే?"

"థర్మామీటర్ దూరపు చుట్టం లెక్క. అంత అయిపోయినంక వస్తది, ఏమైంది ఏమైంది అని అడుగుతది." నవ్వాడు. "కాగిన బిళ్ళ ఒక్క మిణుకు మిణుకుతది. ఆ వెలుగును గాజు దారంల పట్టుకొని సెన్సరుకు చేరవెయ్యాలె. వెలుగే చెప్తది ఎంత కాగిందో. ముట్టుకునుడు లేదు. చూసుడే."

ఆ గాజుదారాలను అమర్చే పని ఆయనది. వెంట్రుకంత దారం, దాని కొస నున్నగా ఉండాలి. ఒక్క గీత పడినా వెలుగు దారి తప్పుతుంది. రోజుల తరబడి కొసలు రుద్దుతూ కూర్చునేవాడట. దెబ్బ పడేది ఒక్కసారే. దారం ఆ దెబ్బకే ముక్కలయ్యేది. మళ్లీ మొదటి నుంచి. వాళ్లు కొలిచిన సంగతులు ఎక్కడో అచ్చయ్యాయి. అయిదుగురి పేర్లున్నాయి. ఆయన పేరు చివర, సహకరించినవారికి కృతజ్ఞతలు అన్న వాక్యంలో ఉంది. అదీ ఒక అక్షరం తప్పుతో. ప్రాజెక్టు అయిపోయింది, కాంట్రాక్టు అయిపోయింది, ఈయన తిరిగి వచ్చాడు.

"బాధ లేదా సారూ?" అని అడిగాను.

"తప్పు పడ్డది ఒక్క అక్షరమే గద" అన్నాడు.

మిల్లు సంగతి కొంచెం చెప్పాలి. గింజ తీసిన దూదిని ప్రెస్సు పెట్టెలో వేసి, పైనుంచి యంత్రం అదిమితే గట్టి బేలు తయారవుతుంది. చుట్టూ కట్లు వేసి గోదాంలో పేరుస్తారు. పత్తిలో అప్పుడప్పుడు చిన్న ఇనుపముక్కో, రాయో వస్తుంది. యంత్రంలో అది రాసుకుని నిప్పురవ్వ పుడుతుంది. రవ్వ దూదిలో పడి ప్రెస్సులోకి వెళ్తే బయటికి ఏమీ కనబడదు. గట్టిగా అదిమిన దూదిలో గాలి ఉండదు కనుక మంట రాదు. చల్లారదు కూడా. రెండు రోజులో, మూడు రోజులో బేలు లోపలే తొలుచుకుంటూ పోయి, బయటి గాలి తగిలిన గడియలో భగ్గుమంటుంది.

ఆయన చేరిన ఏడాదే అట్లా ఒక బేలు పొగ చిమ్మింది. ఈడ్చుకెళ్లి ఆవరణలో నీళ్లు కొట్టారు. అందరూ వెళ్లిపోయాక ఆయన ఆ తడి బేలు కట్లు కోసి, పొరలు పొరలుగా విప్పాడు. నట్టనడుమ పిడికిలంత నల్లటి గుంత. దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

"తమ్మీ, ప్రెస్సు దిగేటప్పుడు గాలంత బయటికి ఉరుకుతది గద. గప్పుడు రవ్వ మీద నుంచి పోతది. కమ్మరాయన తిత్తి ఊదినట్టు. రవ్వ ఒక్కసారి మిణుకుతది. ఎమ్మటే గాలి లేక నల్లబడి పండుకుంటది. ఆ ఒక్క మిణుకు పడితె చాలు."

ఆ ఎండాకాలమంతా అదే పని. ప్రెస్సు పెట్టె ఇనుపగోడకు రంధ్రం చేశాడు. దానికి మందపాటి గాజుబిళ్ళ, గాజు వెనుక దారాలు, దారాల చివర సెన్సరు. మిణుకు కనబడితే ఎర్రబల్బు వెలిగి ప్రెస్సు ఆగిపోవాలి. ప్రతి బేలుకూ వేడి ఎట్లా లేచిందో, ఎట్లా దిగిందో ఒక చిన్న మెమరీ కార్డులో నమోదవుతుంది. మిల్లు యజమాని సేటు వద్దనలేదు. తనను ఖర్చేమీ అడగలేదు కనుక అవుననీ అనలేదు.

సీజన్ మొదలైన రెండో వారం ప్రెస్సు గక్కున ఆగింది. ఎర్రబల్బు వెలిగింది. బేలు విప్పించాడు. ఎంత వెదికినా ఏమీ లేదు. నవ్వడానికి అందరూ సిద్ధమవుతున్నారు. దూదిని ప్రెస్సు పెట్టెలోకి తోసే పనిలో రాజవ్వ అనే ఆమె ఉండేది. యాభై దాటిన మనిషి, మల్యాల దిక్కు నుంచి రోజూ ఆటోలో వచ్చేది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని దూదిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, "అమ్మో" అని వెనక్కు లాగింది. మళ్లీ దూర్చి తీసింది. గోధుమరంగుకు మాడిన దూది చుట్టుకుని ఒక చిన్న బోల్టు.

దాన్ని ఆయన చేతివెనుక మీద పెట్టుకున్నాడు. చర్మం ఎర్రబడింది. అయినా తియ్యలేదు. ఆయన కళ్లలో నీళ్లు చూశాను. కాలినందుకు కాదు.

"గీ మిషిన్‌కు కన్నున్నది" అన్నది రాజవ్వ. "మనకు కనబడంది దానికి కనబడ్డది."

ఆ రోజు నుంచి అది కన్ను, ఆయన కన్ను సారు. పొద్దున రాగానే చెంగుతో ఆ గాజుబిళ్ళ తుడవడం రాజవ్వ తనంతట తాను నెత్తినేసుకుంది. తుడిచేటప్పుడు దానితో మాట్లాడేది. ఆయన్ను మాత్రం ఒక పట్టాన వదిలేది కాదు.

"సారూ, నీ పెండ్లాం కోపమెంతుంటదో కొలిసినవా ఎన్నడన్న?"

"అది రెప్పపాటుల వస్తది, రెప్పపాటుల పోతది రాజవ్వా. ఇంక మిషిన్ రాలే."

"పోతదా! నువ్వు ఇంట్ల ఉండవు గాబట్టి పోయిందనుకుంటున్నవు."

కన్ను తప్పులూ చేసింది. ఒక వారం రోజూ సాయంత్రం నాలుగింటికి ప్రెస్సు ఊరికే ఆగేది. బేలు విప్పితే ఏమీ ఉండదు. ఫిట్టర్లు విసుక్కున్నారు. ఆయన మూడు రోజులు ప్రెస్సు దగ్గరే నిలబడ్డాడు. నాలుగో రోజు నన్ను పిలిచి పైకప్పు చూపించాడు. రేకులో రూపాయి బిళ్ళంత రంధ్రం. నాలుగింటికి అందులోంచి ఎండ సూటిగా పెట్టెలో పడుతోంది. నిచ్చెన వేసుకుని స్వయంగా ఎక్కి రేకు ముక్క అతికించాడు. దిగివచ్చి, "కన్ను తప్పు లేదు తమ్మీ. చూపించినదాన్నే చూసింది పాపం" అన్నాడు, బడిలో పిల్లవాడి తరఫున మాట్లాడే తండ్రిలాగా.

అట్లా రెండు సీజన్లు గడిచాయి. కన్ను పట్టినవి ఎన్నో నేను లెక్కపెట్టలేదు. గోదాంలో మాత్రం పొగ రాలేదు. పొగ రాకపోవడం ఎవరి కంటికీ కనబడదు. ప్రెస్సు ఆగడం ఒక్కటే కనబడుతుంది.

మూడో సీజన్లో పత్తి చేతికొచ్చే వేళకు వానలు పడ్డాయి. నా మీటరు రోజంతా ఎక్కువే చూపించేది. తడిసిన పత్తిని రైతులు ఎక్కడ పెట్టుకుంటారు? తెచ్చి గేటు ముందు నిలబడ్డారు. బండ్ల వరస రోడ్డు దాకా పోయింది. తడి దూది అదిమేటప్పుడు పెట్టె గోడలకు రాసుకుని కాగేది. కన్ను దాన్ని కూడా నిప్పనుకునేది. రోజుకు నాలుగుసార్లు, అయిదుసార్లు ప్రెస్సు ఆగిపోయేది. ఆగినప్పుడల్లా బేలు విప్పాలి, వెదకాలి, మళ్లీ వెయ్యాలి.

సేటు ప్రెస్సు దగ్గరికే వచ్చాడు.

"ఏమయ్యా, నీ కన్నును జెర మూసి పెట్టు. రోడ్డు మీద బండ్లు చూసినవా?"

"సేటూ, నాలుగు దినాలు టైమియ్యుండ్రి. రాపిడి వేడి మెల్లగ లేస్తది, మెల్లగ దిగుతది. నిప్పుది గట్ల కాదు, సూది లెక్క లేస్తది. రెండిటి తేడా దానికి నేర్పిస్త. నాలుగు దినాలే."

"నాలుగు దినాలు బండ్లను ఆపుమంటవా? రైతులు నన్ను కొడుతరు. వైరు తీసెయ్. గీ బండ్లు ఖాళీ అయినంక మళ్ల పెట్టుకో."

ఆయన సేటు వెళ్లాక నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నా చేతుల వంకే చూస్తున్నాడు. అప్పటికి పొద్దుటి నుంచి రైతులతో తిట్లు తిని తిని ఉన్నాను. ఒక ముసలాయన తడి పత్తి వాపసు తీసుకుపోలేక నా కాళ్లు పట్టుకోబోయాడు. నాకూ ఆ వరస ఎప్పుడు కరుగుతుందా అనే ఉంది.

"రెండు రోజులే కదా సారూ. తీసెయ్యండి" అన్నాను.

అన్నది నేనే. అంతటి మనిషికి ఆ మిల్లులో నా మాట ఒక్కటే లెక్క. అది నాకు తెలుసు.

ఆయన వెళ్లి పెట్టె పక్కన చిన్న డబ్బా తెరిచాడు. ఏ వైరు తియ్యాలో మరొకరికి తెలియదు కనుక ఆయనే తియ్యాలి. తీశాడు. ఎర్రబల్బు, ఆపే మీట రెండూ పనిచెయ్యవు. కన్ను చూడటం, కార్డులో రాసుకోవడం మాత్రం ఉన్నాయి. రాజవ్వ పక్కనే ఉంది.

"గుడ్డిదైందా సారూ?"

"లేదు రాజవ్వా. చూస్తది. మాట్లాడది."

"మా ఆడోళ్ల లెక్కనే" అని నవ్వింది.

రెండు రోజులు నాలుగయ్యాయి. బండ్లు తగ్గలేదు. అయిదో రోజు మధ్యాహ్నం, అన్నాల వేళ. బేళ్ల గోదాంలో నీడ ఉంటుందని ప్రెస్సు దగ్గరి ఆడవాళ్లు అక్కడే టిఫిన్లు విప్పుకునేవారు. తినేసి తక్కినవాళ్లు చేతులు కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి పోయారు. రాజవ్వ కాసేపు నడుం వాల్చింది. బేళ్ల వరసల మధ్య, లోపలగా.

మొదట పొగ. ఎవరో అరిచారు. నేను మీటరు పారేసి పరుగెత్తేసరికి గోదాం తలుపులోంచి పొగ గోడలాగా నిలబడి ఉంది. ఆయన తడి గోనె కప్పుకుని రెండుసార్లు లోపలికి పోబోయాడు. రెండుసార్లూ మేమే పట్టుకుని లాగాం. మూడోసారి నలుగురం పట్టుకున్నా ఆగలేదు, పోయాడు. రాజవ్వను భుజాన వేసుకుని బయటికొచ్చాడు. ఆమె బతికే ఉంది. "కొడుకా" అన్నది ఆయన్ను చూసి. అప్పటిదాకా ఎన్నడూ అట్లా పిలవలేదు.

ఆసుపత్రిలో నాలుగు రోజులుంది. రాజవ్వకు ఒక్కతే బిడ్డ, సుజాత. ఆమే దగ్గరుంది. ఆయనా అక్కడి నుంచి కదల్లేదు. నేను ఒకసారి పోయి గుమ్మంలోంచే తిరిగొచ్చాను. లోపలికి పోయే ధైర్యం లేకపోయింది. అయిదో రోజు తెల్లవారుజామున ఆమె పోయింది.

అదే రోజు ఆయన మిల్లుకు వచ్చి, ఫిట్టరు దాచి ఇచ్చిన కన్ను కార్డును తన గదిలో పాత కంప్యూటర్లో పెట్టి నన్ను పిలిచాడు. తెర మీద బేలు బేలుకూ ఒక గీత. దాదాపు అన్నీ చిన్నచిన్న గుట్టల్లాగా, మెల్లగా లేచి మెల్లగా దిగినవి. ఒక్కటి వేరు. నిటారుగా, సూదిలాగా. వైరు తీసిన రెండో రోజుది. వేలు దాని మీద పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"చూసింది తమ్మీ. అది చూసింది."

విచారణకు ఒక అధికారి వచ్చాడు. అప్పటికే కన్ను లేదు. మంట ఆరిన సాయంత్రమే సేటు ఫిట్టరుతో దాన్ని పీకించి, రంధ్రం మీద ఇనుపబిళ్ళ పెట్టి బోల్టులు బిగించాడు. అధికారి కాగితం మీద షార్ట్ సర్క్యూట్ అని రాసుకుంటున్నాడు. కన్ను సారు ఆ సూది గీతను అచ్చు తీసిన కాగితం బల్ల మీద పెట్టి, "షార్ట్ సర్క్యూట్ కాదు సార్. ఆపే వైరు నేనే తీసిన" అన్నాడు.

అధికారి కాగితం ముట్టుకోలేదు. "నువ్వు రాసిస్తే మిల్లు సీల్ చెయ్యాలె. ఎన్ని నెలలో నేను చెప్పలేను. మొదటి కేసు నీ మీదనే. ఆలోచించుకుని రా" అన్నాడు.

"ఆలోచించిన సార్. రాసిస్త."

ఆ మాట నిమిషంలో ఆవరణంతా పాకింది. బయటికొచ్చేసరికి కూలీలంతా ఉన్నారు. ఎవరూ కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది. రాజవ్వతో రోజూ ఆటోలో వచ్చే ఒకామె ముందుకొచ్చి రెండు చేతులూ జోడించింది.

"సారూ, పోయినామె పోయింది. సీజన్ల మిల్లు మూస్తే మేమంత ఏడికి పోవాలె? మా పొలాలల్ల సుత వానకు ఏం మిగలలే."

వాళ్ల వెనుక సుజాత ఉంది. తల్లి కర్మ కూడా కాలేదు. తల వంచుకుని ఉంది.

ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అక్కడి నుంచి నేరుగా సేటు గదిలోకి పోయాడు. తలుపు బయట నాకు ఆయన మాట వినిపించింది. "సేటూ, నేనేం రాసియ్య. కన్ను ఒక్కటి మళ్ల పెట్టనియ్యి." మూడుసార్లు అన్నాడు. సేటు గొంతు మెత్తగానే ఉంది. దాన్ని మళ్లీ పెడితే అది ఎందుకు తీశారని అందరూ అడుగుతారని, ఆ సంగతి ఇక మరిచిపోవాలని చెప్పాడు. ఆ నెలాఖరుకు ఆయన మిల్లు మానేశాడు. మరుసటి ఏడు నేనూ మానేసి మా అత్తగారి ఊరు తంగళ్ళపల్లి చేరుకున్నాను. సిరిసిల్లలో ఈ యూనిట్‌లో పని దొరికింది.

కోరుట్లలో ఆయన్ను ఒక్కసారే కలిశాను. బస్టాండు వెనుక సందులో చిన్న దుకాణం. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తున్నాడు. జుట్టంతా నెరిసింది. నేను కూర్చున్నంతలోనే పక్కింటామె పిల్లల జ్వరం చూసే మీటరు తెచ్చింది, పడిపోయి పనిచెయ్యడం లేదని. నుదురుకు చూపిస్తే ముట్టుకోకుండానే వేడి చెప్పే రకం. ఆయనకు అది రెండు నిమిషాల పని.

"కొలిచేటివి నేను ముట్టనమ్మా. వేరేకాడికి తీస్కపో" అన్నాడు.

ఆమె పోయాక నేను దాచుకున్న మాట బయటపెట్టాను. "సారూ, ఆ రోజు తీసెయ్యమన్నది నేను."

"నువ్వు అన్నవు. తీసింది నేను. చెయ్యి నాది." స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "ఆమె బిడ్డ ఆ ప్రెస్సు కాడనే చేస్తుందా ఇంక?" అని అడిగాడు.

"చేస్తుందని విన్నాను సారూ."

టీ వచ్చింది. పొగలు కక్కుతున్న గ్లాసును అట్లాగే ఎత్తి గటగటా తాగేశాడు. తర్వాత ఫ్యాను మోటారు ముందుకు లాక్కుని పని మొదలుపెట్టాడు. బస్సెక్కాక కోపం వచ్చింది నాకు, ఆయన తిట్టలేదని.

ఫోన్ వచ్చిన రోజు కోరుట్ల చేరేసరికి అంతా అయిపోయింది. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి, "మీ మిల్లు ముచ్చట ఇంట్ల ఎన్నడూ తియ్యలే అన్నా. మేము అడిగితె లేచి బయటికి పోయేది" అన్నది. కాసేపు కూర్చుని లేచాను.

మరునాడు తిరిగి వస్తూ జగిత్యాలలో దిగి మిల్లుకు పోయాను. ఎందుకు పోయానో సరిగ్గా చెప్పలేను. సేటు మంచాన ఉన్నాడట, కొత్త మేనేజరు చూస్తున్నాడు. ప్రెస్సుకు సెన్సరు ఒకటి పెట్టించమని, ఇప్పుడు మంచివే దొరుకుతున్నాయని చెప్పాను. కుర్చీ వేసి కూర్చోబెట్టి మర్యాదగా విన్నాడు.

"ఇన్నేండ్ల సంది ఏం కాలే గదన్నా. అవసరముంటె చూద్దాం" అన్నాడు.

ప్రెస్సు షెడ్డు వైపు నడిచాను. దూదిని పెట్టెలోకి తోస్తూ సుజాత కనబడింది. అచ్చం తల్లి ఒడ్డూపొడుగూ. జుట్టు మీద, కనుబొమల మీద దూది పింజెలు. నన్ను చూసి పక్కామెకు పని అప్పగించి వచ్చింది. కన్ను సారు పోయాడని చెప్పాను. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

"నేను దవాఖానల ఉన్న సారూ, మా అవ్వ ఆఖరి మాట ఆయనతోనే" అన్నది. "కన్ను మళ్ల పెట్టినవా కొడుకా అని అడిగింది. పెట్టిన రాజవ్వా, లోపటికెల్లి పెట్టిన, ఇగ ఎవ్వరు తియ్యరాదు అన్నడు. అయితె మా పిల్ల నా జాగల పోతది, నాకు రంది లేదు అన్నది మా అవ్వ. గా మాట మీదనే వచ్చిన నేను. లేకుంటె గీ ప్రెస్సు మొఖం చూసేదాన్నా సారూ?"

ఆమె పెట్టె పక్కకు తిరిగి, బోల్టులు బిగించిన ఇనుపబిళ్ళ చూపించింది. బిళ్ళ మీద ఎప్పటిదో పసుపు, చెరిగిపోయిన కుంకుమ బొట్టు ఉన్నాయి.

"గా బిళ్ళ ఎన్కనే గద సారూ అది? దసరకు దసరకు బొట్టు పెడ్త. మా అవ్వ తుడిచేది, నేను బొట్టు పెడ్త."

ప్రెస్సు దిగింది. లోపలి గాలి బుస్సుమంటూ బయటికి తోసుకొచ్చింది. ఆమె గొంతు పెంచి అడిగింది.

"మా అవ్వ ఉన్నప్పుడు శాన సార్లు ఆగేదట గద. నేను వచ్చినంక ఒక్కసారి సుత ఆగలే సారూ. మంచిదే గద?"

"మంచిదే" అన్నాను.